ముఖం మార్చుకొని వచ్చిన దళం

జపాన్ పిల్లలను యాభై ఏళ్ల పాటు టీవీ ముందు కూర్చోబెట్టిన రంగుల యోధులు ఢిల్లీకీ వచ్చారు. హెల్మెట్లు వచ్చాయి, సూట్లు వచ్చాయి, రోబోలు వచ్చాయి. లోపలి మనుషులు మాత్రం దారిలోనే దిగిపోయారు

2000ల మధ్యకాలంలో సాయంత్రం పూట ఢిల్లీలోని మయూర్ విహార్‌లో ఏ ఫ్లాట్‌లోకి తొంగిచూసినా దాదాపు ఒకటే దృశ్యం. బడి బ్యాగు ఒక మూల, టిఫిన్ డబ్బా మరో మూల, టీవీ ముందు బూట్లయినా విప్పని పిల్లాడు. టూన్ డిస్నీ చానెల్లో జెటిక్స్ వేళ అది. తెర మీద అయిదుగురు యువతీ యువకులు చేతిలోని పరికరం నొక్కగానే ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, గులాబీ సూట్లలోకి మారిపోయి, హిందీలో కేకలేస్తూ రాక్షసుల మీద పడేవారు. వేసవి సెలవులకు తెలుగు కుటుంబాలు న్యూఢిల్లీ స్టేషన్లో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి (అది తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కావడానికి ఇంకా దాదాపు పదేళ్లుంది) హైదరాబాద్‌లో తాతగారింట దిగితే అక్కడా అదే అయిదుగురు. ఈసారి తెలుగులో. పెద్దమ్మ కొడుకూ, ఢిల్లీ నుంచి వచ్చిన తమ్ముడూ ‘రెడ్ రేంజర్‌ని నేనంటే నేను’ అని కొట్టుకోవడానికి భాష ఏనాడూ అడ్డం రాలేదు.

ఆ పిల్లలకు తెలియనిదల్లా ఒక్కటే. తాము చూస్తున్నది ఒక సీరియల్ కాదు, రెండు. ‘పవర్ రేంజర్స్ ఎస్‌పీడీ’ (2005)లో హెల్మెట్ పెట్టుకోకముందు కనిపించే కుర్రాళ్లు న్యూజీలాండ్‌లో తీసిన అమెరికన్ కథలోని నటులు. హెల్మెట్ పెట్టుకోగానే మొదలయ్యే పోరాటాల్లో చాలా భాగం అంతకు ముందు ఏడాది జపాన్‌లో ప్రసారమైన ‘తొకుసో సెంటాయ్ డెకారేంజర్’ లోనివి. మాటలు ఒక దేశానివి, దెబ్బలు ఇంకో దేశానివి, గొంతు తెలుగుది. ఈ మూడింటికీ అతుకు వేసిన చోటు కనబడకుండా కాపాడింది హెల్మెట్. నల్లని అద్దం వెనుక ఎవరున్నారో పిల్లాడు అడగడు కదా!

సెంటాయ్ అంటే జపనీస్‌లో పోరాట దళం. (తెలుగునాట దళం అనగానే గుర్తొచ్చేది వేరే సంగతి.) అలాంటి మొదటి దళం 1975 ఏప్రిల్ 5న తెర మీదికొచ్చింది. పేరు ‘హిమిత్సు సెంటాయ్ గోరేంజర్’. దాని పుట్టుకకు కారణం కళాతృష్ణ కన్నా చానెళ్ల రాజకీయమే. ఆ ఏడాది జపాన్‌లో టీవీ నెట్‌వర్క్‌ల పొత్తులు మారాయి. అంతదాకా ఎన్ఈటీ (నేటి టీవీ ఆసాహీ) నెట్‌వర్క్‌లో వస్తున్న ‘కామెన్ రైడర్’ అనే ఒంటరి వీరుడు పోటీ నెట్‌వర్క్‌కు వెళ్లిపోయాడు. ఖాళీ అయిన చోట నింపడానికి తొయేయ్ స్టూడియో ఒకరికి బదులు ఏకంగా అయిదుగురిని తయారుచేసింది. కామెన్ రైడర్‌ను సృష్టించిన కార్టూనిస్టు షొతారో ఇషినొమోరినే వీళ్లకూ రూపమిచ్చారు. రెండేళ్ల పాటు 84 ఎపిసోడ్లు నడిచింది.

కథ సాదాసీదాదే. భూగోళాన్ని కాపాడే ఈగిల్ అనే సంస్థకు జపాన్‌లో అయిదు ప్రాంతీయ శాఖలు ఉంటాయి. నల్ల శిలువ సైన్యం ఒకేసారి అయిదింటి మీదా దాడి చేసి నేలమట్టం చేస్తుంది. కాంటో, తొహొకు, క్యూషూ, హొక్కయిదో, కన్సాయ్ శాఖల్లో ఒక్కొక్కరే బతికి బయటపడతారు. అలా అయిదు ప్రాంతాల మనిషికొకరు చొప్పున చేరిందే ఈ దళం. ప్రాంతాల మధ్య యాసల తేడాలు, వెక్కిరింతలు బాగానే ఉన్న దేశంలో ఇది తెలిసి చేసిన కూర్పే అనిపిస్తుంది. వాళ్ల రహస్య స్థావరం ‘గోన్’ అనే చిన్న హోటల్ కింద ఉంటుంది. వంటవాడి టోపీ పెట్టుకుని గరిటె తిప్పే మనిషే అసలు కమాండర్. గులాబీ రంగు సూట్ వేసుకున్న మొమోరేంజర్ బాంబుల నిపుణురాలు. చెవి కమ్మలే ఆమె ఆయుధాలు. ఆఖరి దెబ్బ కూడా ఒక్కరిది కాదు. బాంబును బంతిలా ఒకరి నుంచి ఒకరు అందుకుని చివరికి ఎర్ర సూటు నాయకుడు తంతే శత్రువు పేలిపోతాడు.

ఇక పసుపు రంగు కీరేంజర్. క్యూషూ నుంచి వచ్చిన భారీకాయుడు, బలవంతుడు, భోజనప్రియుడు. గోన్ హోటల్లో కూర్చుని పళ్లేలకు పళ్లేలు కర్రీ రైస్ లాగించడం అతని గుర్తింపు చిహ్నం. ఆ తర్వాత ఏ సెంటాయ్ వచ్చినా ‘పసుపువాడు కర్రీ తింటాడు’ అన్నది జపాన్‌లో స్థిరపడిపోయిన హాస్యం. అలా చూస్తే ఈ దళంలోకి భారత్ మొదటి రోజునే ప్రవేశించింది. కాకపోతే తిన్నగా కాదు. జపాన్ ఇళ్లలో వండే కర్రీ రైస్ 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్ల ద్వారా చేరిన వంటకం. బంగాళదుంప, క్యారెట్, పిండి కలిపిన చిక్కని గ్రేవీ. మన ఇంటి పులుసులతో దానికి బంధుత్వం దూరపుదే. మధ్యవర్తి లేకుండా అక్కడికి చేరిన కూర కథ వేరే ఉంది. అది ఢిల్లీలో మొదలవుతుంది. 1912 డిసెంబర్ 23న చాందినీ చౌక్‌లో వైస్రాయ్ హార్డింజ్ మీద పడిన బాంబు వెనుక సూత్రధారి రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్‌కు తప్పించుకున్నారు. టోక్యోలోని నకమురాయా బేకరీ యజమానులు ఆశ్రయమిచ్చారు, కూతురినీ ఇచ్చి పెళ్లి చేశారు. బోస్ చెప్పిన పద్ధతిలో వండిన భారతీయ కూరను నకమురాయా 1927లో అమ్మకానికి పెట్టింది. ఇప్పటికీ అమ్ముతోంది. మధ్యలో ఇంకొకడి చెయ్యి పడితే వస్తువు ఎంత మారుతుందో ఈ రెండు పళ్లేలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సరిగ్గా అదే పని దశాబ్దాల తర్వాత ఎదురు దిశలో జరిగింది.

గోరేంజర్ తర్వాత దళాల ఆకారం కుదురుకోవడానికి కొంతకాలం పట్టింది. 1977 నాటి ‘జాకర్’ నలుగురితో మొదలైంది. 1981 నాటి ‘సన్ వల్కన్’లో ముగ్గురే, మన మంచం కోళ్ల లెక్కలా. పెద్ద మలుపు అమెరికా పొత్తుతో వచ్చింది. మార్వెల్ కామిక్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్న తొయేయ్ 1978లో జపనీస్ స్పైడర్‌మ్యాన్ తీసి, సాలీడు మనిషికి ఒక మహా రోబోను కట్టబెట్టింది. పిల్లలు రోబో బొమ్మల మీద ఎగబడ్డారు. మరుసటి ఏడాది ‘బ్యాటిల్ ఫీవర్ జే’తో సెంటాయ్‌లోకీ రోబో వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆ దళంలో జపాన్, ఫ్రాన్స్, కొసాక్, కెన్యా, అమెరికా పేర్లున్న యోధులున్నారు. భారత్‌కు చోటు లేదు. అప్పటి నుంచి ఏటా ఒక దళం, దానికో రోబో, ఆ రోబోకు బాండాయ్ కంపెనీ బొమ్మలు. ఏడాది తిరిగేసరికి పాత దళం సెలవు తీసుకుంటుంది, కొత్త దళం, కొత్త బొమ్మ వస్తాయి. ఈ లెక్క అర్థం కాని వ్యాపారి ఉండడు.

అందుకే ఇది జపాన్ దాటింది. 1984 నాటి ‘బయోమ్యాన్’ను మరుసటి ఏడాదే ఫ్రాన్స్ చూసింది. ఫిలిప్పీన్స్ చూసింది. 1985 నాటి ‘చేంజ్‌మ్యాన్’ 1988లో బ్రెజిల్ చేరి అక్కడి తరాన్నే ఊపేసింది. ఈ దేశాల్లో మార్చింది భాష ఒక్కటే. ఫ్రెంచి, తగలోగ్, పోర్చుగీసు మాట్లాడినా తెర మీది ముఖాలు జపాన్‌వాళ్లవే. అమెరికాలో మాత్రం కథ అడ్డం తిరిగింది. 1980లలో జపాన్‌లో హోటల్ గదిలో టీవీ చూసి ఈ సీరియళ్ల మీద మనసు పడిన నిర్మాత హయిమ్ సబాన్ ఏళ్ల తరబడి చానెళ్ల చుట్టూ తిరిగారు. చివరకు ఫాక్స్ కిడ్స్ ఒప్పుకుంది. సూత్రం తేలిక. ఖర్చంతా ఉండేది పోరాటాల్లో, పేలుళ్లలో, రోబోల్లో. అవి జపాన్ నుంచి రెడీమేడ్‌గా కొనాలి. చవగ్గా దొరికే కొత్త నటులతో అమెరికన్ హైస్కూలు కథ తీసి మధ్యలో అతికించాలి. అలా 1992 నాటి ‘జ్యూరేంజర్’ను కోసి కుట్టిన ‘మైటీ మార్ఫిన్ పవర్ రేంజర్స్’ 1993 ఆగస్టు 28న మొదలైంది. ప్రపంచం మీద పడింది.

కుట్టు ఎంత నేర్పుగా వేసినా కొన్నిచోట్ల దారాలు బయటపడ్డాయి. జ్యూరేంజర్‌లో పసుపు యోధుడు అబ్బాయి. అమెరికన్ కథలో అమ్మాయి. అందుకే గులాబీ సూట్‌కు స్కర్ట్ ఉంటుంది, పసుపు సూట్‌కు ఉండదు. నల్ల సూట్‌ను నల్లజాతి నటుడికీ, పసుపు సూట్‌ను ఆసియా మూలాలున్న నటికీ ఇవ్వడం మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి. వాటికంటే చెప్పుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. అయిదుగురు జపాన్ వీరుల ముఖాలనూ తీసేసినవాళ్లు దుష్ట మంత్రగత్తె ముఖాన్ని మాత్రం ఉంచేశారు. జ్యూరేంజర్‌లో బందోరాగా నటించిన మాచికో సోగా, అమెరికన్ గొంతు తగిలించుకుని రీటా రిపల్సాగా మొదటి సీజన్ అంతటా కనిపించారు. పెద్ద కొమ్ముల కిరీటం, మేకప్ మధ్య ఆ ముఖం ఏ దేశానిదో పోల్చుకోలేరన్న ధీమా కావచ్చు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. వీరులు కాలిఫోర్నియావాళ్లు, విలన్ టోక్యో మనిషి. 2006లో సోగా కన్నుమూసే నాటికి ఆమెను చూసి జడుసుకున్న కోట్లాది పిల్లల్లో ఆమె పేరు తెలిసినవాళ్లు కొద్దిమందే.

ఇంతకీ ఢిల్లీకి జపాన్ వీరులు కొత్తా? కాదు. పవర్ రేంజర్స్ రావడానికి చాలా ఏళ్ల ముందే మండీ హౌస్ తలుపు తెరిచింది. దూరదర్శన్ తప్ప మరో చానెల్ లేని 1980లలో పిల్లల కోసం ‘జెయింట్ రోబో’ వేశారు. అదీ తొయేయ్ స్టూడియోదే. 1967-68లో జపాన్‌లో వచ్చిన 26 ఎపిసోడ్ల సీరియల్. చేతి గడియారంలోకి మాట్లాడి మహా రోబోను నడిపించే కుర్రాడి కథ. దూరదర్శన్‌కు చేరింది దాని ఇంగ్లీషు డబ్బింగే కాబట్టి దైసాకు అనే ఆ కుర్రాడు జానీ అయ్యాడు. పేరు పోయింది గానీ ముఖం మిగిలింది. గుండ్రటి ముఖం, నిక్కరు, జపాన్ వీధులు, జపాన్ కార్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఢిల్లీ ప్రభుత్వ క్వార్టర్లలోని పిల్లలు వాచీ ఉన్నా లేకున్నా మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని ఆజ్ఞలు జారీ చేశారు. చివరి ఎపిసోడ్‌లో జానీ వెనక్కి రమ్మని మొత్తుకుంటున్నా వినకుండా రోబో శత్రు చక్రవర్తిని మోసుకుని అంతరిక్షంలోకి వెళ్లిపోతే ఏడ్చినవాళ్లు ఇప్పుడు యాభయ్యో పడిలో ఉన్నారు.

అది జపాన్ ఢిల్లీకి తన పేరుతో వచ్చిన కాలం. 1983 డిసెంబర్లో గుర్గావ్ ఫ్యాక్టరీ నుంచి మొదటి మారుతి 800 బయటికొచ్చింది. కారు మన పేరుతోనే తిరిగినా సుజుకీ సంగతి ఎవరూ దాచలేదు. 2002లో పరుగు తీసిన ఢిల్లీ మెట్రోకు జపాన్ రుణం ఉందన్నది కూడా బహిరంగమే. కారులో, రైలులో కనిపించిన జపాన్ పిల్లల తెర మీద మాత్రం క్రమంగా మాయమైంది. 1993లో దూరదర్శన్‌లో వచ్చిన ‘జంగిల్ బుక్’ను దేశం సొంతం చేసుకుంది. గుల్జార్ పాటకు విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. మోగ్లీ మనవాడే అయిపోయాడు. ఆ బొమ్మలు గీసింది జపాన్‌లోని నిప్పన్ యానిమేషన్ అన్న సంగతి ఎంతమందికి పట్టింది? అయితే అక్కడ ఒక సమర్థన ఉంది. కథ జరిగేది మన అడవిలో. పవర్ రేంజర్స్‌కు ఆ సమర్థన కూడా లేదు. కేబుల్ టీవీ వచ్చాక పిల్లలు ఏం చూడాలో తేల్చేది మండీ హౌస్ కాదు, అంతర్జాతీయ కంపెనీల కేటలాగ్. 2001లో ఫాక్స్ కుటుంబ చానెల్‌తో పాటు పవర్ రేంజర్స్‌నూ కొనుక్కున్న డిస్నీ, 2004 డిసెంబర్లో భారత్‌లో తన చానెళ్లు తెరిచినప్పుడు చేతిలో ఉన్నది తెచ్చింది. అసలు సరుకు ఉందా అని అడిగినవాళ్లు లేరు.

ఎస్‌పీడీ సంగతే చూస్తే పోయింది ముఖాలు మాత్రమే కాదని అర్థమవుతుంది. డెకారేంజర్ ఒక పోలీసు కథ. అంతరిక్షం నుంచి వచ్చే నేరస్థులను పట్టుకునే భూమి పోలీసుల దళం అది. నేరస్థుడు ఎదురుపడగానే వాళ్లు చేతిలోని పరికరం ద్వారా ఎక్కడో ఉన్న విశ్వ సుప్రీంకోర్టును తీర్పు అడుగుతారు. నిమిషం గడిచేలోగా జవాబు వస్తుంది. దోషి అని తేలితే ‘డిలీట్’. అంటే అక్కడికక్కడే మరణశిక్ష, అమలు చేసేదీ పోలీసులే. ఎన్‌కౌంటర్ అనే మాట దినపత్రికల్లో చదివీ చదివీ అలవాటైన తెలుగు పాఠకుడు ఇది చూస్తే ఉలిక్కిపడతాడు. పిల్లల సీరియల్లో ఇదేమిటని అడుగుతాడు. అడగాలి కూడా. అమెరికన్ నిర్మాతలు ఆ ప్రశ్నను రానివ్వలేదు. ఎస్‌పీడీలో దోషులను చంపరు, కార్డులో బంధించి పట్టుకుపోతారు. పోరాటం అదే, పేలుడు అదే, అర్థం మాత్రం తలకిందులు. ఏది మేలన్నది వేరే చర్చ. అమెరికన్ల మార్పే పిల్లలకు నయమని వాదించవచ్చు. కానీ తాము చూస్తున్న పేలుడు అసలు కథలో ఒక ఉరిశిక్ష అని ఢిల్లీలో గానీ హైదరాబాద్‌లో గానీ ఏ తల్లిదండ్రులకూ తెలియదు.

తమాషా ఏమిటంటే జపాన్ నుంచి యథాతథంగా వచ్చిన పాత్ర ఒకటుంది. దళం కమాండర్. అతని తల కుక్క తల. జపాన్‌లో డాగీ క్రూగర్, అమెరికాలో అనూబిస్ క్రూగర్. మనుషుల ముఖాలన్నీ మార్చినవాళ్లకు కుక్క ముఖంతో పేచీ రాలేదు. భారత్ పిల్లలకు ఎస్‌పీడీలో చాలా ఇష్టమైన పాత్రల్లో అదొకటి.

జపాన్ ముఖాలను మన పిల్లలు ఒప్పుకోరన్న భయమేదైనా ఉండి ఉంటే అది నిరాధారమని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు. అదే జెటిక్స్‌లో హిందీ డబ్బింగ్‌తో ‘ర్యూకెండో’ వచ్చింది. 2006లో జపాన్‌లో ప్రసారమైన ఈ సీరియల్ తొయేయ్‌ది కాదు, సెంటాయ్ కుటుంబానిదీ కాదు. అయినా సూట్లు వేసుకుని రాక్షసులతో పోరాడే యువకుల కథే. నటులు జపాన్‌వాళ్లు, ఊరు జపాన్ ఊరు, దుకాణాల బోర్డులు జపనీస్ లిపిలో. ఉత్తరాది పిల్లలు కళ్లు ఆర్పకుండా చూశారు. ఇక బొమ్మల లోకంలో డోరేమాన్, షిన్‌చాన్ చేసిన దండయాత్ర చెప్పనక్కర్లేదు. షిన్‌చాన్ అల్లరి పిల్లలను చెడగొడుతోందని 2008లో శాస్త్రి భవన్‌లోని సమాచార, ప్రసార శాఖ దాకా ఫిర్యాదులు వెళ్లి ప్రసారం కొంతకాలం ఆగింది కూడా. ఆ గొడవలో ఎవరూ ‘వీళ్లు జపాన్‌వాళ్లు’ అని అభ్యంతరపెట్టలేదు. అభ్యంతరమల్లా పిల్లలు పెద్దలకు ఎదురు మాట్లాడుతున్నారనే.

పొరుగున కొరియా, థాయ్‌లాండ్‌లకు అసలు సెంటాయే వెళ్లింది. కొరియాలో అయితే ఇంకో విచిత్రం. అక్కడ జపాన్ సీరియల్‌నే ‘పవర్ రేంజర్’ అన్న పేరుతో వేస్తారు. అంటే కొరియా అమెరికా పేరు తీసుకుని జపాన్ ముఖం చూసింది. భారత్ రెండూ అమెరికావే తీసుకుంది.

టీవీలో ఎవరి ముఖం ఉంటేనేం, సదర్ బజార్‌కు కావలసింది హెల్మెట్. ఆ పాత ఢిల్లీ టోకు మార్కెట్‌లో ఎరుపు, నీలం ప్లాస్టిక్ మాస్కులు రబ్బరు తాడుతో సహా గుత్తులుగా వేలాడేవి. అక్కడి నుంచి ఘాజియాబాద్, ఫరీదాబాద్ వీధి దుకాణాలకు, తిరునాళ్లకు, పుట్టినరోజు పార్టీలకు వెళ్లేవి. కంపెనీ లైసెన్సు, హక్కులు వంటి మాటలకు ఆ గుత్తుల దగ్గర తావు లేదు. సరుకు ఎక్కువగా చైనాది. 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిని ప్రభుత్వం నిషేధించినా కొన్ని వారాలకే షరతులతో సడలించింది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ముద్ర తప్పనిసరి అయింది. జపాన్‌లో పుట్టి, అమెరికాలో పేరు మార్చుకుని, చైనాలో అచ్చుపోసుకుని, సదర్ బజార్‌లో అమ్ముడైన ఆ మాస్కుకు స్వదేశం ఏదని కస్టమ్స్ అధికారి అడిగితే చైనా అని రాసుకుంటాడు. కాగితం ప్రకారం అతనిది తప్పు కాదు.

జెటిక్స్ పేరు 2009లో పోయింది. టూన్ డిస్నీ డిస్నీ ఎక్స్‌డీగా మారింది, ఆ పేరూ 2019లో పోయింది. నాటి పిల్లలు ఇప్పుడు నోయిడా, గురుగ్రామ్ ఆఫీసుల్లో ఉద్యోగస్తులు. చాలామందికి నిజం తెలిసింది కాలేజీ రోజుల్లో, ఇంటర్‌నెట్ చవకయ్యాక. చిన్నప్పుడు చూసిన పోరాటం కోసం వెతికితే అదే పోరాటం, అదే కొండ, అదే పేలుడు. హెల్మెట్ తీస్తే మాత్రం వేరే మనిషి. మొదట మోసపోయామనిపించడం, ఆ వెంటనే ఒక్కొక్క సిరీస్ వెతికి చూడటం ఈ తరం అభిమానుల్లో పరిపాటి. ఓఖ్లాలోని ఎన్ఎస్ఐసీ మైదానంలో జరిగే ఢిల్లీ కామిక్ కాన్ ఇలాంటి అభిరుచులన్నింటికీ తిరునాళ్ల వంటిది. 2011లో దిల్లీ హాట్‌లో చిన్నగా మొదలైన ఆ జాతర ఇప్పుడు ఆ మైదానాన్నే నింపేస్తోంది. వేషాల్లో జపాన్‌వే ఎక్కువ. ఎవరూ సిగ్గుపడి పేరు మార్చడం లేదు.

వసంత్ కుంజ్‌లో జపాన్ పిల్లల కోసం ఒక బడి ఉంది. గురుగ్రామ్‌లోని జపాన్ కంపెనీల ఉద్యోగుల పిల్లలకు అదే ఆధారం. 2005లో ఆ బడి ప్రహరీకి అటువైపు చదువుకున్న పిల్లలకూ, ఇటువైపు కాలనీల్లో ఆడుకున్న పిల్లలకూ ఒకే ఎర్ర హెల్మెట్ తెలుసు. రెండు గుంపులనూ కలిపి ఆడుకోమంటే తమ వీరుడి పేరేమిటన్న దగ్గరే పేచీ వచ్చి ఉండేది. ఇరుదేశాల ప్రధానులు కలిసినప్పుడల్లా సాంస్కృతిక బంధాల గురించి ఒక పేరా తప్పకుండా ఉంటుంది. అందులో బుద్ధుడు ఉంటాడు. టీవీ ఉండదు.

ఇప్పుడు ఆ వీరులకే సెలవు దొరికింది. గోరేంజర్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2025 ఫిబ్రవరిలో మొదలైన ‘నంబర్ వన్ సెంటాయ్ గోజూజర్’ 49వ సిరీస్. దాని పేరులోనే యాభై అనే మాట ఉంది. 2026 ఫిబ్రవరిలో అది ముగిశాక 50వ దళం రాలేదు. ఆదివారం ఉదయపు ఆ వేళను 1982 నాటి ‘గవాన్’ అనే ఒంటరి పోలీసు వీరుడి కొత్త అవతారానికి ఇచ్చారు. ఒంటరివాడు వెళ్లిపోతే పుట్టిన దళం ఒంటరివాడికే చోటిచ్చి తప్పుకుంది. అమెరికన్ అవతారం పరిస్థితీ అంతంతమాత్రమే. 2018లో దాన్ని కొన్న హాస్‌బ్రో 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘కాస్మిక్ ఫ్యూరీ’ తర్వాత ఆ పాత వరుసను ఆపేసింది.

అసలు గోరేంజర్‌ను చూడాలంటే ఇప్పుడు టీవీ అక్కర్లేదు. తొయేయ్ స్టూడియో 2020లో పాత సీరియళ్ల కోసం యూట్యూబ్‌లో ఒక చానెల్ తెరిచింది. విదేశీయుల కోసం ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టింది. మొదటి ఎపిసోడ్‌లోనే అయిదు శాఖలూ కూలిపోతాయి, బతికిన అయిదుగురు గోన్ హోటల్ దారి పడతారు. మయూర్ విహార్‌లో సాయంత్రం బూట్లు విప్పకుండా టీవీ చూసిన పిల్లాడికి ఇప్పుడు అదే వయసు కొడుకున్నాడు. ఇద్దరూ కలిసి చూస్తే తండ్రి ఆపి ఆపి తెలుగులో చెప్పాల్సి ఉంటుంది. పసుపువాడు తింటున్నదేమిటో మాత్రం చెప్పనక్కర్లేదు.